బోరు ఇంకా మిగిలే ఉంది

గుడివాడలో నేను పానా పట్టుకున్నది 1986లో. అంతకు ముందు ఏడాదే యమహా ఆర్‌ఎక్స్ 100 మార్కెట్లోకి వచ్చింది. మా గురువుగారి షెడ్డులో మాత్రం ఇంకా రాజ్‌దూత్‌లదే రాజ్యం. రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని, తెల్లారకముందే కాలవ గట్ల మీద పడి వచ్చే బండ్లవి. మైసూరులో తయారైన ఎజ్డీలు నాలుగైదు వచ్చేవి. అన్నీ టూ స్ట్రోక్‌లే. ‘ఇంజను మార్చేయండి’ అన్న మాట ఆ రోజుల్లో నేను ఎవరి నోటా వినలేదు. “బోరుకొచ్చిందా?” అనే అడిగేవారు.

గట్ల మీద దుమ్ము ఎయిర్ ఫిల్టరు దాటి లోపలికి పోతుంది. పిస్టన్ ఆడేచోట సిలిండరు గోడను తినేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన బోరు ఒకవైపు సాగుతుంది. దాన్ని కాస్త పెద్దది చేసి, హోనింగ్ పట్టి, ఓవర్‌సైజు పిస్టన్ వేయడమే బోరు పని. ఆర్‌ఎక్స్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50. పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సైజులు పెంచుకోవచ్చు. నాలుగోది వేసేసరికి బోరు 51 అవుతుంది, 98 సీసీ ఇంజను 102 సీసీకి చేరుతుంది. అదీ అరిగితే స్లీవ్ దించి మళ్లీ మొదటి సైజుకు తెచ్చేవాళ్లం.

సిలిండరును గోనెసంచిలో చుట్టి, బస్సులో నన్ను విజయవాడ ఆటోనగర్ పంపేవారు గురువుగారు. కొత్త పిస్టన్ కూడా వెంట ఉండాల్సిందే. టర్నర్ ముందు ఆ పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టే బోరు కోసేవాడు. పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. డబ్బా మీద అచ్చువేసిన సైజు నమ్మి కోస్తే ఆ సందు తప్పుతుంది. నేను చూసిన మంచి టర్నర్లలో పిస్టన్ చేతికి రాకుండా మిషను ఆన్ చేసినవాడు ఒక్కడూ లేడు.

అసలు విద్య క్రాంకు దగ్గర ఉంది. ఈ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్డును బోల్టులు విప్పి తీయలేం. రెండు ఇనుప చక్రాల మధ్య ఒక పిన్ను, దాని మీద బేరింగు, రాడ్డు ఉంటాయి. అంతా ప్రెస్సు కింద బిగించినదే. రాడ్డు మార్చాలంటే చక్రాలను ప్రెస్సుతో విడదీసి, మళ్లీ నొక్కి కలపాలి. కలిపాక రెండు చక్రాలూ ఒకే గీత మీద తిరగాలి. డయల్ గేజి ముల్లు మిల్లీమీటరులో వందో వంతులు చూపిస్తుంటే, ఇత్తడి సుత్తితో ఇక్కడ ఒక దెబ్బ, అక్కడ ఒక దెబ్బ వేస్తూ సరిచేయాలి. గేజి కొనకముందు గురువుగారు స్టీలు స్కేలు చక్రాల అంచున ఆనించి, దీపం వెలుగులో సందు చూసేవారు. అలా ఆయన కట్టిన క్రాంకులు ఏళ్ల తరబడి తిరిగాయి. ఆ చెయ్యి నాకు రావడానికి ఆరేళ్లు పట్టింది.

చాలామంది బోరు చేయించి, ఆయిల్ సీళ్లు పాతవే ఉంచేస్తారు. టూ స్ట్రోక్‌లో క్రాంకు ఛాంబరు గాలి చొరబడకుండా ఉండాలి. సీలు కారితే బయటి గాలి లోపలికి పోయి, పెట్రోలు పాలు, ఆయిలు పాలు రెండూ తగ్గి, వేడెక్కి, పిస్టన్ పట్టేస్తుంది. తప్పు బోరు మీద పడుతుంది. రెండు సీళ్ల ఖరీదు దగ్గర పిసినారితనం చూపి ఇంజను చంపుకున్నవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

1996లో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. మైసూరు ఎజ్డీ ఫ్యాక్టరీ మూతపడిందీ అదే ఏడాది. కాబట్టి ఈరోజు ఈ బండ్లకు ‘వేరే ఇంజను’ అంటే ఎక్కడో కోసేసిన బండిలోంచి తీసినదే.

ఆ మధ్య ఒక కుర్రాడు వాళ్ల నాన్న ఆర్‌ఎక్స్‌ను ఆటోలో వేసుకొచ్చాడు. “బాబాయ్, ఇది పట్టేసింది. రెడీ ఇంజను ఒకటి బేరం చేశాను, ఎక్కించెయ్,” అన్నాడు. “ఆగబ్బాయ్, ముందు హెడ్ తీయనీ,” అన్నాను. విప్పితే పిస్టన్ మీద 50 అని ఉంది. అంటే అర మిల్లీమీటరు ఓవర్‌సైజు. ఇంకా రెండు సైజులు మిగిలే ఉన్నాయి. వాడు బేరం చేసిన ఇంజను నంబరు సీ బుక్కులో ఉన్న నంబరు కాదు. దాని లోపల సీళ్లు, బేరింగులు ఎలా ఉన్నాయో అమ్మినవాడికీ తెలియదు. బోరు చేయించి, రాడ్డు కిట్టు, బేరింగులు, సీళ్లు మార్చి కట్టాను. మొదటి 500 కిలోమీటర్లు 40 దాటొద్దని చెప్పి పంపాను. మాట నిలబెట్టుకున్నాడు.

ఇంజను మార్చక తప్పని రోజూ ఉంటుంది. చైను తెగి చుట్టుకుని క్రాంకు కేసు పగిలినప్పుడు, బేరింగు కూర్చునే గూడు వదులైపోయినప్పుడు నేనే మార్చమంటాను. అప్పుడు కొన్న ఇంజనుకు కాగితాలు తీసుకోండి, కొత్త నంబరు ఆర్టీవో ఆఫీసులో సీ బుక్కులో ఎక్కించండి. అంతవరకూ రాకపోతే మాత్రం, బేరం మాట్లాడే ముందు ఒక్కసారి హెడ్ విప్పించి బోరు కొలిపించండి.