షావుకారు కొట్టు, మన లెక్క

పార్వతీపురం ఏజెన్సీలోని చిన్న పట్టణాల చరిత్ర చెప్పాలంటే ముందు షావుకారు కొట్టు దగ్గర ఆగాలి. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు, బట్ట అక్కడే దొరికేవి. మన సవరలు, జాతాపులు కొండ దిగి మోసుకొచ్చిన చింతపండు, కొండచీపుర్లు, కందులు కొనేదీ ఆ కొట్టే. తూకం వాళ్లది, ధర వాళ్లది, పద్దు రాసే కలమూ వాళ్లదే. మన తాతలది వేలిముద్ర మాత్రమే.

వానల్లో తిండిగింజలకు చేసిన అప్పు పంట చేతికొచ్చాక వడ్డీతో తీర్చాలి. తీరకపోతే భూమి పోయేది. ఏజెన్సీ భూములు చేతులు మారకుండా 1917లోనే చట్టం వచ్చింది. మన సరుకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అయినా అప్పుల పద్దు ఆగలేదు. అప్పుడే వెంపటాపు సత్యం వంటి ఉపాధ్యాయులు మనవాళ్లను సంఘంగా కూడగట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న కోరన్న, మంగన్న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు అమ్మినా చెల్లదనే 1/70 చట్టం ఆ తర్వాతే, 1970లో వచ్చింది.

షావుకారు చిట్టాలో మనం బాకీదారులం. అందులో రాయనిది మన పెద్దలకు గుర్తుంది: ఏ గరువు, ఏ పల్లం, ఎంత అప్పుకు పోయిందో. చదువుకున్న పిల్లలం, మాస్టర్లం, వాళ్లుండగానే అడిగి ఊరూరా ఆ లెక్క రాసిపెడదాం.