సోలాపూర్ చద్దరు: తామరనార నుండి పన్ను శ్లాబు వరకు

సోలాపూర్ పూర్వభాగ్‌లోని పద్మశాలీలు మార్కండేయ మహర్షిని మూలపురుషునిగా ఆరాధిస్తారు. ఆయన యాగాగ్నిలో ఉద్భవించిన భావనాఋషి తామరతూడుల నారతో దేవతలకు వస్త్రం నేశాడని ఐతిహ్యం. నారళీ పౌర్ణమినాటి రథోత్సవం ఆ భక్తికి గుర్తు.

నేడు మరమగ్గాలపై నేసే చద్దర్లకు, తువ్వాళ్లకు ఆధారం పత్తి నూలు. అది మట్టిలో కలుస్తుంది, పాలియెస్టర్ కలవదు. అయితే బేరమాడేవారు చూసేది ధరనే. 2025 సెప్టెంబరు 21 వరకు పత్తి నూలుపై 5 శాతం, కృత్రిమ దారంపై 12 శాతం జీఎస్టీ ఉండేది. మరునాటి నుండి రెండింటికీ 5 శాతమే. పానిపట్ పాలియెస్టర్ దుప్పట్లతో పోటీపడే నేతగానికి ఇది చిన్న విషయం కాదు. 5 శాతం పన్ను వర్తించే చద్దరు ధర పరిమితి 1,000 నుండి 2,500 రూపాయలకు పెరగడం మాత్రం కొంత ఊరట. అది దాటితే 18 శాతం.