పరిశోధనకు తగిన మనోవైజ్ఞానిక పరీక్ష: అన్వేషణ, ఎంపిక

ప్రస్తావన

మనోవిజ్ఞాన పరిశోధనలో కొలమానం ఎంత గట్టిదైతే ఫలితం అంతే గట్టిది. అందువల్ల పరీక్షను వెతకడం కూడా పరిశోధన రూపకల్పనలో భాగమేనని, ఎంపికకు కారణాలు సిద్ధాంత గ్రంథంలో కనిపించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఏది కొలవాలి?

కుంగుబాటునే తీసుకుందాం. 1960లో వచ్చిన హామిల్టన్ మాపనిని శిక్షణ పొందినవారు రోగితో మాట్లాడి పూరించాలి. వ్యాధి నిర్ధారణ అయినవారిలో తీవ్రతను అంచనా వేయడానికి అది పుట్టింది. 1977లో రాడ్లాఫ్ ప్రచురించిన సీఈఎస్-డీ 20 అంశాలతో సాధారణ జనాభా సర్వేల కోసం తయారైంది. గడచిన వారం గురించి అడుగుతుంది. 2001 నాటి పీహెచ్‌క్యూ-9 రెండు వారాల లక్షణాలను 0 నుంచి 27 వరకు లెక్కిస్తుంది. ఎవరిని, ఏ కాలానికి, ఎందుకు కొలుస్తున్నామో తేల్చుకున్నాకే వెతుకులాట మొదలుపెట్టాలి.

2. ఎక్కడ వెతకాలి?

ఆస్కార్ బ్యూరోస్ 1938లో ప్రారంభించిన మెంటల్ మెజర్‌మెంట్స్ ఇయర్‌బుక్ వాణిజ్య పరీక్షలపై నిపుణుల సమీక్షలను అందిస్తుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి సైక్‌టెస్ట్స్‌లో పలు ప్రశ్నావళులు పూర్తి పాఠంతోనే దొరుకుతాయి. భారతీయ భాషల్లో వాడిన ప్రశ్నావళుల కోసం భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల భాండాగారమైన శోధగంగలోని గ్రంథాల అనుబంధాలు చూడాలి. ఎక్కడ దొరికినా, ఆ పరీక్షను తొలిసారి ప్రకటించిన మూల పత్రం చదవడం తప్పనిసరి.

3. ఎవరి కోసం తయారైంది?

1975లో ఫోల్‌స్టీన్ బృందం ప్రకటించిన ఎంఎంఎస్‌ఈ, జ్ఞాపకశక్తి వంటి మానసిక సామర్థ్యాలను అంచనా వేసే 30 మార్కుల పరీక్ష. వందలోంచి ఏడేసి తీసివేయడం, ఒక వాక్యం రాయడం అందులో ఉన్నాయి. బడి ముఖం చూడని వృద్ధురాలికి ఇక్కడ మార్కులు తగ్గితే అది మతిమరుపు వల్లనో, చదువు లేకపోవడం వల్లనో చెప్పలేం. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో గ్రామీణ వృద్ధుల కోసం పనిచేసిన గంగూలీ బృందం 1995లో ప్రచురించిన హిందీ రూపంలో ఇలాంటి అంశాలనే మార్చింది. తీసివేతలకు బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పించింది.

తెలుగులోకి తెచ్చేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. ఇద్దరు విడివిడిగా అనువదించాలి. మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చాలి. కొద్దిమందితో చదివించి, ఎలా అర్థం చేసుకున్నారో అడగాలి. విశ్వసనీయతను మన నమూనాపై మళ్లీ లెక్కించాలి. మూల పత్రంలో విశ్వసనీయతకు సూచికగా ఇచ్చే ఆల్ఫా విలువ అక్కడి జనానికి సంబంధించినది. మన నమూనాకు హామీ కాదు.

4. అనుమతి

పీహెచ్‌క్యూ-9ను ఉచితంగా వాడుకోవచ్చు. కుంగుబాటునే కొలిచే బెక్ మాపని రెండో రూపాన్ని మాత్రం ప్రచురణకర్త దగ్గర కొనాలి. పత్రికలో అచ్చైన పరీక్ష అందరిదీ అనుకోవడం పొరపాటు: ఏళ్ల తరబడి స్వేచ్ఛగా వాడిన ఎంఎంఎస్‌ఈపై తర్వాత కాపీరైట్ హక్కులు అమలయ్యాయి. లిఖితపూర్వక అనుమతి సమాచార సేకరణకు ముందే చేతిలో ఉండాలి.

ముగింపు

పరిశోధన పద్ధతి అధ్యాయంలో మూడు విషయాలు స్పష్టంగా రాయాలి: పరిశీలించిన ఇతర పరీక్షలు, వాటిని వదిలేసిన కారణం, ఎంచుకున్న పరీక్షకు మన జనంలో ఉన్న ఆధారం. హక్కులు అనుమతించినంత మేరకు తెలుగు పాఠాన్ని, గణన విధానాన్ని అనుబంధంలో చేర్చాలి. అప్పుడే తరువాతి పరిశోధకులు అదే అనువాదాన్ని మళ్లీ మొదలుపెట్టకుండా, దాన్ని మరో జిల్లాలో, మరో వయోవర్గంలో పరీక్షించగలరు.