ఆసుపత్రిలో నిద్ర పట్టడం లేదా? ఇవి అడగొచ్చు

ఆసుపత్రిలో రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే అనుకుంటాం. కానీ నిద్ర చాలకపోతే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. వృద్ధుల్లో డెలీరియం, అంటే ఉన్నట్టుండి తికమకపడటం, పొంతన లేకుండా మాట్లాడటం వంటి సమస్య తలెత్తే ముప్పు పెరుగుతుంది. అలా కనిపిస్తే వయసు ప్రభావమని వదిలేయకుండా వెంటనే నర్సుకో, డాక్టర్‌కో చెప్పండి.

నిద్ర ఎందుకు చెడుతుంది?
నొప్పి, లైట్లు, మానిటర్ల అలారాలు, అర్ధరాత్రి బీపీ పరీక్షలు ప్రధాన కారణాలు. వార్డుల్లో రాత్రి శబ్దం సగటున 30 డెసిబుల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది.

ఏం అడగొచ్చు?
• పేషెంట్ పరిస్థితి నిలకడగా ఉంటే రాత్రి పరీక్షలు తగ్గించవచ్చా?
• మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు పగటిపూటకు మార్చవచ్చా?
• ఇయర్‌ప్లగ్స్, కళ్లకు మాస్క్ వాడవచ్చా?

పగలు కిటికీ కర్టెన్లు తీసి ఉంచండి. డాక్టర్‌కు చెప్పకుండా నిద్రమాత్రలు వేయొద్దు. పేషెంట్ పడిపోవచ్చు, శ్వాస మందగించవచ్చు.

బయట డీజే మోత ఉంటే?
సైలెన్స్ జోన్‌గా ప్రకటించిన ఆసుపత్రి పరిసరాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు శబ్ద పరిమితి 40 డెసిబుల్స్. మోత ఆగకపోతే 112కు ఫోన్ చేయండి.