సీసమును రాగితో అతికించిన కథ

సీసము మెత్తని లోహము. గోటితో గీచినను గీత పడును. అయినను బరువు చాల ఎక్కువ. ఒక ఘన సెంటీమీటరు సీసము 11.3 గ్రాములు తూగును. సుమారు 327 సెంటీగ్రేడు డిగ్రీల వేడికే కరుగును గనుక కట్టెల పొయ్యిమీద గరిటెలో కరగించి అచ్చులో పోసికొనవచ్చును. ఈ మూడు గుణముల వలననే తుపాకి గుండ్లను శతాబ్దములపాటు సీసముతో పోసినారు. బరువైన గుండు గాలిలో తన వేగమును నిలుపుకొనును. మెత్తని గుండు తగిలినచోట వెడల్పగును. వేటలో ఈ రెండును అవసరమే.

ఎందుకనగా వేటలో గుండు చేయవలసిన పని ఒక్కటే: మృగము గుండెను, ఊపిరితిత్తులను చేరి, అక్కడ పెద్ద గాయము చేసి, క్షణములలో ప్రాణము తీయుట. గుండు కండలోనే చిట్లిపోయినచో మృగము గాయముతో అడవిలోనికి పారిపోయి, దినముల తరబడి బాధపడి చచ్చును. వెడల్పు కాకుండ సూదివలె దూసికొని పోయినను అదే గతి పట్టవచ్చును. లోతును, వెడల్పును ఒకే గుండుతో సాధించుట ఎట్లు? గడచిన నూట నలుబది ఏండ్లలో వేట గుండు పొందిన మార్పులన్నియు ఈ ప్రశ్న చుట్టే తిరిగినవి.

నల్లమందు కాలములో ఈ చిక్కు అంతగా లేదు. 1871లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిలు గుండు బరువు 31 గ్రాములు. వేగము సెకనుకు సుమారు 410 మీటర్లు. ఆ వేగమునకు సీసము తగినంత వెడల్పగును, కాని ముక్కలు కాదు. 1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియేల్ పొగలేని తుపాకిమందును కనుగొన్నాడు. దానిని వాడుకొనుచు 1886లో వచ్చిన లెబెల్ రైఫిలు గుండు సెకనుకు 600 మీటర్లకు మించిన వేగముతో వెడలినది. అంత వేగమునకు వట్టి సీసము తట్టుకొనలేదు. రైఫిలు గొట్టము లోపల గుండును గిర్రున తిప్పుటకు మెలిక గాడులుండును. మెత్తని సీసము ఆ గాడుల పట్టు తప్పి జారును. గొట్టము గోడలకు అంటుకొని పేరుకొనును. స్విట్జర్లండు సైన్యాధికారి ఎడ్వర్డ్ రూబిన్ 1880 దశకములోనే దీనికి ఉపాయము చూపినాడు: సీసమునకు రాగి తొడుగు తొడుగుట.

తొడుగు గొట్టమును కాపాడినది; కాని గుండును సూదిగా మార్చినది. 1895లో చిత్రాల్ దండయాత్రలో తమ కొత్త గుండ్లు శత్రువును నిలువరించుట లేదని బ్రిటిషు సైనికులు మొరపెట్టుకొన్నారు. కలకత్తా సమీపమునందలి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారములో కెప్టెన్ బెర్టీ-క్లే గుండు ముక్కువద్ద తొడుగును తీసివేసి, కొద్దిపాటి సీసమును బయటకు కనబడునట్లు చేసినాడు. తగిలిన వెంటనే ఆ మెత్తని ముక్కు విచ్చుకొనును. ఆ ఊరి పేరు ప్రపంచమంతట ఈ జాతి గుండ్లకు పేరైనది. 1899లో హేగ్ నగరమున జరిగిన శాంతి సమావేశము, శరీరములో సులభముగా విచ్చుకొను గుండ్లను యుద్ధములో వాడరాదని ప్రకటించినది. మనుష్యునికి అనవసరమైన బాధ కలిగించునని యుద్ధము విడిచిన ఈ గుండునే, మృగమునకు త్వరగా మరణము కలిగించునని వేట స్వీకరించినది.

అంతలో వేగము ఇంకను పెరిగినది. 1925లో ఇంగ్లండులో వెలువడిన హాలండ్ అండ్ హాలండ్ వారి .300 మాగ్నం తూటా 11.7 గ్రాముల గుండును సెకనుకు సుమారు 890 మీటర్ల వేగముతో పంపగలదు. గతిజశక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. లెక్క కట్టినచో మార్టినీ-హెన్రీ గుండు శక్తి సుమారు 2,600 జౌళ్లు. బరువులో మూడవ వంతుకు కొంచెము మించిన ఈ గుండు శక్తి సుమారు 4,600 జౌళ్లు. ఈ శక్తిలో కొంత గుండును చితుకగొట్టుటకే ఖర్చగును. దగ్గరనుండి కాల్చినప్పుడు పలుచని తొడుగు అరటి తొక్కవలె ఊడును. లోపలి సీసము తునకలై చెదరును.

1946లో జాన్ నోస్లర్ అను అమెరికా దేశస్థునకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇదే ఎదురైనది. బురద గట్టిన దళసరి చర్మముగల మూస్ అను పెద్ద జింకపై అతడు కాల్చిన గుండ్లు లోతుకు పోక పైననే చితికినవి. అతడు తొడుగు మధ్యలో రాగి మిశ్రలోహపు అడ్డుగోడ నిలిపి, సీసమును రెండు అరలలో నింపినాడు. ముందు అర విచ్చుకొనును. అది చిట్లినను వెనుక అర చెక్కుచెదరక ముందుకు సాగును. 1948లో ఈ గుండ్ల తయారీ సంస్థను స్థాపించినాడు.

అడ్డుగోడ యంత్రశాస్త్రపు ఉపాయము. రెండవ ఉపాయము రసాయనశాస్త్రము నుండి వచ్చినది. 1960 దశకములో ఐడహో రాష్ట్రమునందు బిల్ స్టీగర్స్ సీసమును రాగి తొడుగునకు అతికించి గుండ్లు చేసి అమ్మసాగినాడు. వినుటకు సులభమే, కాని కరిగిన సీసమును రాగిపై పోసినంత మాత్రమున అది గట్టిగా అంటుకొనదు. ఘనస్థితిలో ఈ రెండు లోహములు ఒకదానిలో ఒకటి దాదాపు కరగవు. నడుమ మధ్యవర్తి కావలెను. ఆ మధ్యవర్తి తగరము.

దీనిని గ్రహించుటకు మన ఇండ్లలోని రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి వేయు పనివానిని తలచుకొనిన చాలును. అతడు పాత్రను తోమి, కాచి, నవాసాగరము చల్లి, తగరమును గుడ్డతో రుద్దును. నవాసాగరము రాగిపైనున్న ఆక్సైడు పొరను తొలగించును. శుభ్రమైన రాగి తగరముతో కలిసి పలుచని సమ్మేళనపు పొర ఏర్పరచును; పూత దానిని పట్టుకొని నిలుచును. తగరము సీసముతో కూడ సులభముగా కలియును. అందుచేతనే మాటు వేయుటకు సీసము, తగరము కలిసిన మిశ్రలోహమును చిరకాలము వాడినారు. గుండు తయారీలోను ఇదే సూత్రము: తొడుగును శుభ్రపరచి, మాటు వేయు పదార్థముతో సీసమును అందులో ఉంచి, సీసము కరుగు వరకు వేడిచేసి చల్లార్చుట.

అతుకు ఎంత మేలు చేయునో ఒక చిన్న లెక్క చెప్పును. గుండు ఎంత లోతుకు పోవుననునది ముఖ్యముగా దాని బరువును అడ్డుకోత వైశాల్యముచే భాగించిన విలువను బట్టి ఉండును. గుండు విచ్చుకొని వ్యాసము రెట్టింపైనదనుకొందము. వైశాల్యము నాలుగు రెట్లగును. అతుకు లేని గుండు సగము బరువు పోగొట్టుకొనినచో ఆ విలువ మొదటిదానిలో ఎనిమిదవ వంతుకు దిగును. అతికిన గుండు నూటికి తొంబది వంతుల బరువు నిలుపుకొనినచో ఆ విలువ ఇంచుమించు నాలుగవ వంతు వద్ద నిలుచును. అనగా దాదాపు రెట్టింపు. భుజపు ఎముక తగిలినప్పుడు ఈ తేడా ముఖ్యము. వంద కిలోలకు అటు ఇటు ఉండు జింకకు అతుకు లేని గుండు తరచు సరిపోవును. సుమారు 300 కిలోల ఎల్క్, 450 కిలోలు దాటు మగ మూస్ వంటి మృగములయందే అతుకు విలువ బయటపడును. ఏ గుండైనను గురి తప్పినచోట మృగమునకు బాధ తప్పించజాలదు.

అతుకు సీసమును పట్టి ఉంచును గాని పూర్తిగా కాదు. 11.7 గ్రాముల గుండులో పదవ వంతు రాలినను గ్రాముకు మించిన సీసపు నలుసులు మాంసములో మిగులును. జింక కళేబరములను ఎక్స్‌కిరణములతో పరీక్షించి, గాయమునకు దూరముగ కూడ సీసపు నలుసులుండుటను శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించినారు. 1982 నాటికి కేవలము 22 పక్షులు మిగిలిన కాలిఫోర్నియా కాండర్ అను పెద్ద రాబందు, వేటగాండ్రు విడిచిన ప్రేగులు తిని సీసపు విషమునకు గురియగుచున్నది. ఆ రాష్ట్రము 2007లో కాండర్ తిరుగు ప్రాంతములలో సీసపు గుండ్లను నిషేధించుచు చట్టము చేసినది. 2013 నాటి చట్టము ప్రకారము 2019 జూలై 1 నుండి రాష్ట్రమంతట వన్యమృగముల వేటకు సీసము వాడరాదు.

పూర్తిగా రాగితో చేసిన వేట గుండ్లు 1980 దశకపు చివరి నుండి దొరకుచున్నవి. వాటిలో ఊడు తొడుగు లేదు, రాలు సీసము లేదు. కాని ఘన సెంటీమీటరు రాగి 9 గ్రాములకు మించి తూగదు. అదే బరువునకు గుండు పొడవు పెరుగును, రాగి గట్టిది గనుక వేగము తగ్గిన దూరములో ముక్కు సరిగా విచ్చుకొనకపోవచ్చును. మన దేశములో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఈ గుండ్లతో మనకు పని లేదు. కాని సాంద్రత, మెత్తదనము, అతుకు, విషము అను నాలుగు గుణములను ఒకే లోహములో కోరినట్లు పొందలేమను సంగతి ఏ తరగతిలోనైనను చెప్పదగినది.