కత్తి దించిన పిదప

తెగిన ముక్కును తిరిగి నిలుపు విద్య మన దేశమున ప్రాచీనమైనదని పాఠకులు ఎఱిగినదే. కాని కత్తి దించిన పిదప వైద్యుడేమి చేసెనో తలచువారు తక్కువ. ఆ రెండవ సగమునే మేమిచట ముచ్చటింపదలచితిమి.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 16వ అధ్యాయము కలదు. ముక్కంత ఆకును కొలతగా గొని, చెక్కిలి చర్మమును అంతమేర లేపి అతుకుమని సుశ్రుతుడు చెప్పెను. అంతటితో ఊరకుండలేదు. అతుకును తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపుమనెను. రోగిచే నేయి త్రాగింపుమనెను.

పూనా ప్రాంతమున నుదుటి చర్మముతో ముక్కు నిలిపిన వృత్తాంతమును 1794లో లండన్ పత్రిక యొకటి ప్రకటించెను. 1814లో జోసెఫ్ కార్ప్యూ ఆ పద్ధతిని లండన్‌లో అనుసరించెను. 1870 తరువాత ఐరోపా వైద్యులు ఒలియే, టీర్ష్ చర్మమును పలుచగా కోసి వేఱొకచోట అతుకు పద్ధతిని వ్యాపింపజేసిరి.

ఈ పలుచని అతుకుతో క్రొత్త చిక్కు వచ్చెను. చర్మమునకు జిడ్డునిచ్చు గ్రంథులు లోపలి పొరలో ఉండును; అవి దానితో రావు. అందుచే అతికిన చర్మము పొడిబారును, దురదపెట్టును, పగులును, గోకినచో పుండుపడును. కావుననే గాయము పూర్తిగా మానిన పిదప, పరిమళములేని లేపనమును దినమునకు పలుమార్లు మృదువుగా రాయుమనియు, ఎండ తగులనీయవలదనియు నేటి వైద్యులు చెప్పుదురు. పచ్చిగాయముపై మాత్రము ఇంటినూనె పోయరాదు. ఏది ఎప్పుడు రాయవలెనో నిర్ణయించువాడు వైద్యుడే.

శస్త్రచికిత్స కొన్ని గడియల పని. సంరక్షణము మాసముల పని. అట్టి చికిత్స పొంది ఇల్లు చేరినవారి మొగము చూచి జాలిపడుటకంటె, వేళకు లేపనపు డబ్బీ అందించుట మేలని మా మనవి.