కాగజ్ మీది ఓటు, మెషీన్ నజర్

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచి చూడండి. జిరాక్స్ దుకాణాల్లో లేజర్ ప్రింటర్లు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. కోర్సు నోట్సు, బయోడేటా, హాల్‌టికెట్, అన్నీ అక్కడే కాగజ్ మీదికి వస్తాయి. అక్షరం కాస్త మసకబారినా ఫికర్ లేదు, మన కళ్లు చదివేసుకుంటాయి. మరి అలాంటి ప్రింటర్‌తోనే ఓటు బ్యాలెట్ తీసి, దాన్ని మెషీన్‌తో లెక్కపెట్టిస్తే? ఈ సవాల్‌కు జవాబు ఎన్నికల తవారీఖ్‌లో ఉంది.

మన దేశంలో బ్యాలెట్‌ను మొదటి నుంచీ మనిషి కంటి కోసమే తయారుచేశారు. 1951-52 తొలి ఎన్నికల్లో ఒక్కో ఉమ్మీద్‌వార్‌కు ఒక్కో డబ్బా. నచ్చిన గుర్తు ఉన్న డబ్బాలో కాగజ్ వేస్తే చాలు, ముద్ర కొట్టే పని లేదు. తర్వాత అన్ని పేర్లూ, గుర్తులూ ఒకే కాగజ్ మీదికొచ్చాయి, మొహర్ వచ్చింది. ఆ స్వస్తిక్ మొహర్ ఆకారంలో ఒక హికమత్ ఉంది. బ్యాలెట్ మడిచినప్పుడు సియాహీ అవతలి వైపు అంటుకుంటే ఆ ముద్ర తిరగబడి కనిపిస్తుంది. అసలు ఓటు ఏదో, అంటుకున్న మరక ఏదో లెక్కించేవాళ్లు పోల్చుకోగలరు.

ఇంత తజురుబా ఉన్నా పొరపాట్లు జరిగాయి. 2020 డిసెంబరు 1న, కరోనా రోజుల్లో, జీహెచ్‌ఎంసీ ఎన్నికలు బ్యాలెట్ పేపర్‌తోనే జరిగాయి. అమీర్‌పేట, సోమాజిగూడతో సహా 150 డివిజన్లూ కాగజ్ మీదే ఓటేశాయి. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపి, 3న మళ్లీ ఓట్లు వేయించారు. నేరెడ్‌మెట్‌లో స్వస్తిక్ బదులు వేరే మొహర్ పడిన ఓట్లపై ఝగడా హైకోర్టుదాకా వెళ్లి, నతీజా కొన్ని రోజులు ఆగిపోయింది. రెండు చోట్లా ఒక మేలు జరిగింది. గలతీ కంటికి కనిపించింది కాబట్టి సరిదిద్దే రాస్తా దొరికింది.

మెషీన్ చదివే బ్యాలెట్ సంగతి వేరు. అమెరికాలో చాలాచోట్ల బ్యాలెట్ అంచుల్లో చిన్న నల్ల గీతలు ఉంటాయి. మెషీన్ వాటిని పట్టుకునే ఏ గడి ఎక్కడుందో లెక్క కడుతుంది. గీత చెదిరితే బ్యాలెట్‌ను తిప్పికొడుతుంది.

అరిజోనాలోని మారికోపా కౌంటీలో ఓటరు ఏ కేంద్రానికైనా వెళ్లొచ్చు. అందుకే అతని ఇలాఖా బ్యాలెట్‌ను అప్పటికప్పుడు ప్రింట్ చేసి ఇస్తారు. 2022 నవంబరు 8న చాలా కేంద్రాల్లో మెషీన్లు ఆ బ్యాలెట్లను తీసుకోలేదు. ఓటర్లు పరేషాన్ అయ్యారు, ధోకా జరిగిందన్న షక్ దేశమంతా పాకింది.

అక్కడి సుప్రీంకోర్టు మాజీ చీఫ్ జస్టిస్ రూత్ మెక్‌గ్రెగర్ తహ్‌కీకాత్ చేసి 2023 ఏప్రిల్‌లో రిపోర్టు ఇచ్చారు. లేజర్ ప్రింటర్‌లో నల్ల పొడిని వేడి రోలర్ కరిగించి కాగజ్‌కు అతికిస్తుంది. స్కెచ్ పెన్ను సియాహీ అవతలికి ఊరకుండా కౌంటీవాళ్లు మందం కాగజ్ వాడారు. ఆగస్టులో 19 అంగుళాలున్న బ్యాలెట్ నవంబరుకు 20 అంగుళాలైంది. ఓకీ కంపెనీ చిన్న ఆఫీసు ప్రింటర్లకు ఆ మందమూ ఆ పొడుగూ కలిసి బర్దాష్త్ అంచుకు చేరాయి. వేడి చాలక పొడి సరిగా అతుక్కోలేదు, గీతలు రాలాయి. ఎన్నికల రోజు జరిగినట్టే బ్యాలెట్లను, కవర్లను కలిపి ప్రింట్ చేసి చూశాకే ఈ ఐబ్ బయటపడింది. ముందు చేసిన పరీక్షల్లో అది దొరకలేదు.

ఓట్లు మాత్రం జాయా కాలేదు. మెషీన్ కాదన్న బ్యాలెట్లను వేరే పెట్టెలో భద్రపరిచి, కేంద్ర కార్యాలయంలో లెక్కించారు. కాగజ్ ఉంది కాబట్టే అది ముమ్కిన్ అయింది.

ఇదంతా మనకెందుకంటారా? 2024 ఏప్రిల్ 26న మన సుప్రీంకోర్టు మళ్లీ బ్యాలెట్ పేపర్‌కు వెళ్లాలన్న అర్జీని కొట్టేసింది. అదే ఫైసలాలో, వీవీప్యాట్ స్లిప్పుల మీద గుర్తుతోపాటు బార్‌కోడ్ వేసి మెషీన్‌తో లెక్కించే వీలుందా, పరిశీలించమని ఎన్నికల సంఘానికి సూచించింది. ఆ రోజు వస్తే మన స్లిప్పు కూడా మెషీన్ నజర్ కిందికి వెళుతుంది. బార్‌కోడ్‌లో ఏముందో ఓటరు చదవలేడు. గుర్తు మాత్రం చదవగలడు.

ఓటు అమానత్ అని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. పట్టుకుని దాచినంత మాత్రాన అమానత్ అదా కాదు, సరిగా అప్పగించాలి. కాబట్టి మనం అడగాల్సిన ముతాలబా సాదాసీదాది. అసలు రోజు వాడే కాగజ్ మీదే, అసలు రోజు పడే భారంతోనే, అన్ని పార్టీల ఏజెంట్ల ముందు ముందుగా పరీక్షించాలి. మెషీన్ లెక్క మీద షక్ వస్తే, మనిషి కన్ను చదవగలిగే గుర్తు చూసి మళ్లీ లెక్కపెట్టాలి. అప్పుడే ఓడినవాడికి కూడా నతీజా మీద ఏత్బార్ కలుగుతుంది.